జోలపాటల మేడం

యూనివర్సిటీ మెట్లెక్కేటప్పుడు ఆవిడ పక్కనున్న కమ్మీ పట్టుకోదు. మోకాలు మొరాయిస్తే కాసేపు ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించి, మళ్ళీ ఎక్కుతుంది. సొంత దేశంలో బతుకంతా జోలపాటల పరిశోధనకే ధారపోసిన మనిషి. పిల్లల్ని నిద్రపుచ్చుతూ తల్లులు పాలకులను తిట్టిపోసిన పాటలన్నీ ఏరి పుస్తకం వేసినందుకు జైలు చూసింది, చివరికి దేశమే విడిచి రావలసి వచ్చింది. ఇక్కడివాళ్ళు ఆదరించి ఉద్యోగమిచ్చారు, కాదనలేం. కానీ ఏ సభకు పిలిచినా ఆ జైలు కథే అడుగుతారు. మొన్న వార్షిక సభకు ముందు శాఖాధిపతి కూడా బతిమాలాడు.

"పాటల సంగతి ఇంకోసారి చూద్దాం మేడం. మీరు తప్పించుకొచ్చిన కథ చెప్పండి, హాలు కిటకిటలాడిపోతుంది."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని తన కాగితాలు సర్దుకుంది. తీరా వేదికెక్కాక జోలపాటలే ఎత్తుకుంది. ఏ తిట్టు దగ్గర తల్లి గొంతు తగ్గిస్తుందో పాడి మరీ చూపించింది. ముందు వరసలో ఒకాయన ఉండబట్టలేక లేచాడు.

"అవన్నీ సరే, అసలు సరిహద్దు ఎలా దాటారండీ?"

"నడిచి," అంది ఆవిడ కాగితం తిప్పుతూ. "దానికి కాళ్ళుంటే చాలు. దీనికి చదువు కావాలి, కూర్చుని వినండి."