కృష్ణకి మంచు అంటగట్టిన సభ

హిమానీనదాల మీద శాస్త్రవేత్తల సభకి నన్ను పిలిచారంటే కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మా దివిసీమలో ఎవరూ నమ్మలేదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నాన్నగారు ఇంట్లో చెప్పిందే నా చదువు. అయితే మా పెరటి బోరు నీళ్ళు ఏ నెలలో ఉప్పగా మారుతున్నాయో ఏళ్ళ తరబడి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆ సంగతి ఒక సంస్థవాళ్ళకి తెలిసింది. బయలుదేరే ముందు మోపిదేవి స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఈ వయసులో హిమాలయం చూపిస్తున్నాడు, ఇంకేం కావాలి?

సభ ఒక కొండ ఊళ్ళో, పెద్ద హోటల్లో. మంచు కరిగిపోతోందని బాధపడేవాళ్ళందరూ హాలు నిండా హీటర్లు పెట్టించుకుని, ఉక్కపోసి కోట్లు విప్పి కుర్చీలకు తగిలించి మరీ బాధపడ్డారు.

రెండో రోజు మంచు దగ్గరికి తీసుకెళ్ళారు. తెల్లగా మెరుస్తుందనుకున్నాను. బూడిద రంగు, పైనంతా రాళ్ళూ మట్టీ. బందరు ఐసు ఫ్యాక్టరీ బయట ఊక కప్పిన దిమ్మలా ఉంది. పగుళ్ళలో మాత్రం నీలం. అడుగున ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. గ్లౌజు తీసి, అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాను. మిగతావాళ్ళు దానికి వీపు తిప్పి ఫోటోలు దిగారు. అంత దూరం వచ్చి వాళ్ళు చూసుకున్నది వాళ్ళ మొహాలే.

తిరుగు బస్సులో, నా మాటల్ని ఇంగ్లీషులో చెప్పడానికి సంస్థ పంపిన గుడివాడ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది.

"రేపు మూడు నిమిషాలే ఆంటీ. చూసి చదివేయండి."

'ఈ మంచు కరిగిన నీళ్ళు తాగి పెరిగాను. ఇది పోతే మా కృష్ణ ఎండిపోతుంది' అని ఉంది అందులో.

"కృష్ణకి మంచెక్కడిదమ్మా? పడమటి కొండల్లో పుట్టి, వానలతో బతికే నది. నువ్వు ఏ కాలవ నీళ్ళు తాగి పెరిగావు?"

"మినరల్ వాటరేనండీ," అని నవ్వింది. "అంత డీటెయిల్ ఎవరడుగుతారు ఆంటీ? వాళ్ళకి ఎమోషన్ కావాలి."

రోజూ పూజకి ముందు సంకల్పంలో, ఏ నదుల మధ్య కూర్చున్నానో దేవుడికి సరిగ్గా విన్నవించుకునే నోరు ఇది. హీటర్లు పెట్టించుకుని కోట్లు విప్పే వీళ్ళ కోసం, ఆ నోటితో నదికి దొంగ పుట్టిల్లు కట్టనా?

మర్నాడు కాగితం మడిచేసి ఉన్న మాట చెప్పాను. "మా నది ఈ మంచుది కాదండీ. కానీ ఇది కరిగితే సముద్రం పెరుగుతుందని మీరే అన్నారు. ఆ సముద్రం మా బోరులోకి వచ్చేసింది."

అమ్మాయి తన మైకులో ఇంగ్లీషు మొదలెట్టింది. పుస్తకాలు చదివి నేర్చుకున్నదైనా నాకూ కాస్త ఇంగ్లీషు వచ్చు. నా మాట ఒక్కటీ లేదు. ఆ కాగితంలోదే ఇంగ్లీషులో చదువుతోంది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇంతమంది పండితుల్లో కృష్ణ ఎక్కడ పుట్టిందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "నో. రివర్ నాట్ ఫ్రమ్ ఐస్. షి రీడ్ పేపర్. ఐ డిడ్ నాట్ సే," అన్నాను. వేదిక మీద అధ్యక్షుడు చిరునవ్వుతో వంగి నమస్కరించి, తర్వాతి పేరు పిలిచాడు.

బయట అమ్మాయి ఫారం పట్టుకొచ్చింది. ఆ కాగితంలోని మాటలే, కింద నా సంతకానికి ఖాళీ.

"పెట్టకపోతే రిపోర్టులో మీరుండరు ఆంటీ."

"ఆ మేలు చెయ్యి తల్లీ," అని పెన్ను ఆమె చేతికిచ్చేశాను.