గోడ పక్కన పసుపు పూలు

డెబ్బై ఒకటి డిసెంబరు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై కొద్దిరోజులే అయింది. విశాఖలో అందరిలాగే మేమూ రాత్రి వెలుతురు బయటికి కనబడకుండా కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్నాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. బీఎస్సీ రెండో ఏడు. నాన్న పోర్టులో లాంచీ మీద పని చేసేవాడు.

చామంతి కుటుంబం మొక్కలు పది సేకరించి, ఎండబెట్టి, రికార్డులో అతికించాలని మా బోటనీ మాస్టారు చెప్పారు. తొమ్మిది దొరికాయి. పదోది ఇసుకలో పాకే మొక్క. పసుపు పూలు, తుంచితే పాలు కారతాయి. పోర్టు ప్రహరీ బయట ఇసుకదిబ్బ మీద అది విరగబూసి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎండెక్కితే ఆ పూలు ముడుచుకుపోతాయి. అందుకే పొద్దున్నే వెళ్లాను.

ఒక మొక్కను వేళ్లతో సహా తీసి పాత పేపర్ల మధ్య పెట్టాను. అది ఎక్కడ దొరికిందో తెలిసేలా నోటుబుక్కులో పటం గీసుకున్నాను. గోడ, దీపస్తంభం, రైలుపట్టాలు, గోడ నుంచి ఎన్ని అడుగులో ఆ లెక్క. యుద్ధం రోజుల్లో పోర్టు గోడ పటం గీస్తున్నానన్న ఆలోచన నాకు రాలేదు. వెనక నుంచి కేక వినబడి తిరిగి చూస్తే, తుపాకీ పట్టుకున్న జవాను.

గేటు దగ్గరి గదిలో నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా హిందీ మాట్లాడే ఆఫీసరు. పక్కన మన ప్రాంతం కానిస్టేబులు. ఆఫీసరు నోటుబుక్కు తిరగేసి, పటం దగ్గర ఆగాడు. తర్వాత మొక్కల లాటిన్ పేర్లున్న పేజీ కానిస్టేబులుకు చూపించాడు.

"ఇదేం బాసమ్మా? ఈ గీతలేటి?" అన్నాడు కానిస్టేబులు.

"మొక్కల పేర్లండీ. కాలేజీ పని."

"గోడకాడ అడుగులు కొలిసింది కూడా కాలేజీ పనేనా?"

"అవునండీ," అన్నాను. నిజమే చెబుతున్నా, నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది. తండ్రి ఏం చేస్తాడని అడిగారు. చెప్పాను. లాంచీ అనగానే ఆఫీసరు తల పైకెత్తాడు. ఆ క్షణం నుంచి నా గురించిన భయం పోయి, నాన్న గురించిన భయం పట్టుకుంది.

అరగంటకు నాన్నను తీసుకొచ్చారు. ఒంటి మీద ఖాకీ తడిసి ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇక్కడికెందుకొచ్చావే అమ్మా?"

"పువ్వు కోసం నాన్నా."

"నా బిడ్డకి సదువు తప్ప ఇంకోటి తెల్దు బాబూ. ఏదున్నా నన్నడగండి, నాను సెప్తాను," అని ఆఫీసరుకు చేతులు జోడించాడు. ఓడల కెప్టెన్ల ముందు కూడా నాన్న అలా నిలబడటం నేను చూడలేదు. ఇక ఊరుకుంటే లాభం లేదనిపించింది.

"సార్, ఆ మొక్క ఒకసారి ఇవ్వండి," అన్నాను.

ఆఫీసరు పేపర్ల కట్ట నా వైపు తోశాడు. జడలోంచి పిన్ను తీసి, ఒక పువ్వును మధ్యకు చీల్చాను. మొదటిది నలిగిపోయింది. రెండోది సరిగ్గా వచ్చింది. ఒక్కో రేకును విడదీసి తెల్లకాగితం మీద వరసగా పెట్టాను. మనం ఒక పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదని, ఇందులో ప్రతి రేకూ వేరే పువ్వని, ప్రతిదానికీ అడుగున గింజ ఉంటుందని చెప్పాను. కానిస్టేబులు నా మాటల్ని హిందీలో చెప్పబోయి, మధ్యలో ఆగి, "నిజంగానా అమ్మా?" అన్నాడు. ఆఫీసరు నా దగ్గరున్న భూతద్దం అడిగి తీసుకుని వంగి చాలాసేపు చూశాడు. నవ్వలేదు. ఫోను తీసి కాలేజీకి కలపమన్నాడు.

మాస్టారు స్కూటరు మీద వచ్చేసరికి పదకొండయింది. ఆయన సంతకం పెట్టాక నన్ను వదిలారు. పటం ఉన్న పేజీ చింపి ఉంచేసుకున్నారు. మొక్క నాకే ఇచ్చారు.

నాన్నను మాత్రం అదే రోజు లాంచీ నుంచి దించి గోడౌనులో వేశారు. యుద్ధం అయిపోయినా వెంటనే తిరిగి తీసుకోలేదు. సముద్రం మీద తిరిగే మనిషి రోజూ మూటలు సర్ది, ఒంటినిండా దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. అమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. నాన్న ఒక్కమాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

నెల దాటాక ఒక సాయంత్రం నాన్న ఉప్పునీటి వాసన వేసే బట్టలతో వచ్చాడు. నేను పరిగెత్తుకెళ్లి, "లాంచీ ఎక్కావా?" అన్నాను.

"ఎక్కాన్లే," అన్నాడు. కాళ్లు కడుక్కుంటూ, "ఆ కానిస్టేబులు కనిపించాడే. బంతిపువ్వు కూడా అలాగేనా, మీ అమ్మాయిని అడగమన్నాడు," అన్నాడు.

"అంతే నాన్నా. బంతీ, చామంతీ, పొద్దుతిరుగుడూ, అన్నీ అంతే."

"అయితే రేపు ఎదురుపడితే సెప్తాను," అని లోపలికి వెళ్లి, అన్నం పెట్టమని అమ్మను కేకేశాడు.