తోడిపోయకూడని నీళ్లు

2004 వేసవి. అప్పుడు నేను భద్రాచలం వైపు అడవిలో ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌కు ఏఎన్ఎం నర్సుని. నా పరిధిలో చేపలు పట్టేవాళ్ల గూడెం ఒకటుండేది. మూడు వైపులా రిజర్వాయర్, వెనక అభయారణ్యం. రోడ్డుకు అనుమతి లేదు, పడవే దిక్కు. ఎండలకు నీళ్లు తగ్గితే ఎప్పుడో మునిగిన చెట్ల మోడులు పడవకు తగిలేవి, ఇసుక దిబ్బల మీద మొసళ్లు పడుకునేవి. మా జాబ్ చార్టులో మొసళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఒక రోజు టీకాలు వేయడానికి వెళ్లేసరికి లచ్చిమి అనే అమ్మాయికి ఇంట్లోనే కాన్పయింది. రక్తం ఆగడం లేదు. దీన్ని మేం పీపీహెచ్ అంటాం. గర్భసంచి గట్టిపడకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. ఇంజెక్షన్ ఇచ్చి, పసిదాన్ని పొరుగింటామెకు అప్పగించి, లచ్చిమిని పడవలో పడుకోబెట్టాం. అవతలి ఒడ్డున జీపు ఉంటుంది. భర్త రాములు తెడ్డు వేస్తుంటే నేను ఆమె పొత్తికడుపు అదిమి రుద్దుతూ కూర్చున్నాను. చెయ్యి తీస్తే రక్తం మళ్లీ ఉరుకుతోంది.

సగం దూరంలో పడవ ముందు భాగం మోడుకు రాసుకుంది. చెక్క సందులోంచి వచ్చిన నీళ్లు లచ్చిమి కిందికి చేరి ఎర్రబడ్డాయి. రెండో చేత్తో డబ్బా అందుకుని తోడబోయాను. పడవలో మాతో వచ్చిన లచ్చిమి అత్త సమ్మక్క గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా! నెత్తురు నీళ్లల్ల పోయొద్దు. చేపల నెత్తురు గూడ మేం ఒడ్డెక్కినంకనే పారబోస్తం."

"మరి పడవ మునిగితే?"

"గటు చూడు."

దిబ్బ మీద మొసలి మెల్లగా నీళ్లలోకి జారింది. తోడితే అది వస్తుంది, తోడకపోతే మునుగుతాం.

"జల్దీ పోనియ్‌రా!" అని కొడుకును గదమాయించి, సమ్మక్క తన కొంగు చింపి కోడలి కింద కుక్కింది. తడిసిన గుడ్డలు వేయడానికి చోటు లేదు. టీకాలు చల్లగా ఉంచే వ్యాక్సిన్ క్యారియర్ పెట్టెను ఖాళీ చేసి ఇచ్చాను. ఎర్రటి నీళ్లను గుడ్డతో అద్ది అందులో పిండింది. ముందు వైపు తేటగా ఉన్న నీళ్లను మాత్రం చప్పుడు కాకుండా తోడి పోసింది.

లచ్చిమి కళ్లు తెరిచింది. "మొసలి వస్తుందా నర్సమ్మా?"

"లేదు" అన్నాను. నిజానికి అది ఎక్కడుందో మాకెవరికీ కనిపించడం లేదు.

ఒడ్డు తగలగానే రాములు భార్యను ఎత్తుకుని జీపు దాకా పరుగెత్తాడు. లచ్చిమి బతికింది. సమ్మక్క ఆ పెట్టెను మోసుకుపోయి, నీటికి దూరంగా గుంట తీసి పోసి వచ్చింది.

ఆ తర్వాత ఏ కొత్త గూడేనికి వెళ్లినా, కిట్ తెరిచే ముందు అక్కడి ఆడవాళ్లను ఒకటి అడుగుతాను. ఇక్కడ మీరు దేనికి భయపడతారు? వాళ్ల భయం నాకూ కొంచెం పట్టాకే పని మొదలుపెడతాను.