మనిషి పైకొచ్చాక అడుగు

మొన్న ఒక విద్యార్థినిని వెంటబెట్టుకుని గోదావరిఖనిలో పాత క్వార్టర్ల వెనక సందులోకి వెళ్లాను. ఇప్పుడక్కడ అందరివీ గ్యాసు పొయ్యిలే. అయినా ఒక పెద్దావిడ వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి స్నానానికి నీళ్లు కాగబెడుతోంది. బొగ్గు సరిగా అంటుకోకముందు వచ్చే ఘాటు పొగ తగలగానే ఆ అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు మా అమ్మ గుర్తుకు రావాలి, లేదా బొగ్గుబాయిలో బతుకంతా గడిపిన మా నాన్న గుర్తుకు రావాలి. వాళ్లు కాదు, మా గడప మీద కూర్చుని దగ్గుతూ, "పొయ్యి తీయొద్దమ్మా, నేనే కాస్త జరుగుతాను" అన్న హేమలత మేడం గుర్తుకొచ్చింది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. కౌన్సెలింగ్ సైకాలజీ ప్రొఫెసర్. నా పీహెచ్‌డీకి గైడ్. కృష్ణా జిల్లా మనిషి. పొట్టిగా ఉండేది, ముతక నేత చీరలు కట్టేది, చేతికి మగవాళ్ల వాచీ పెట్టుకునేది. కౌన్సెలింగ్ చెప్పే మనిషంటే వెన్నలా ఉంటుందనుకుని చేరినవాళ్లు వారం తిరక్కుండానే బెదిరిపోయేవారు. ఒకసారి క్లాసులో ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిని కష్టం చెప్పమంది, రెండోవారిని వినమంది. వినేవాడు రెండు నిమిషాలకే, "మీరేం భయపడకండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. మేడం కళ్లజోడు తీసి, "సర్దుకుంటాయని నీకెవరు చెప్పారు బాబూ? జ్యోతిషం కూడా చదివావా?" అంది. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "అవతలి మనిషి బాధ నీకు భరించరానిదైతే తొందరపడి ధైర్యం చెప్తావు. అది నీ కోసం చెప్పుకునేది" అని మళ్లీ మొదటినుంచి చేయించింది. అప్పట్లో నాకు ఆమె మీద కొంచెం కోపంగా ఉండేది. ఇప్పుడు నా విద్యార్థులకు నా మీద అదే కోపం ఉంది.

ఆమెకు దేశంలో పేరు తెచ్చిన వ్యాసం ఒకటుంది. గని కార్మికుల భార్యల మీద చేసిన పని. ప్రొఫెసర్ కాకముందే మా గోదావరిఖని కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, దిగులు, నిద్రలేమి, గుండెదడ లాంటివాటి గురించి ప్రశ్నలడిగి రాసింది. అంత ప్రమాదకరమైన పనికి భర్తలు వెళ్తున్నా ఈ ఆడవాళ్లలో ఆందోళన చాలా తక్కువ, వీళ్లది అసాధారణమైన మనోధైర్యం అని అందులో తేల్చింది. ఆ వ్యాసం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నేను ఆమె దగ్గర చేరడానికి కారణం కూడా అదే. మా అమ్మలాంటి వాళ్ల గురించి ఒకరు గొప్పగా రాశారంటే నా మనసు పొంగిపోయింది. ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో తేల్చడం నా పీహెచ్‌డీ అంశం.

ఆమె పద్ధతే నా పద్ధతి. ఆడవాళ్లతో మాట్లాడాలంటే మగవాళ్లు ఇంట్లో ఉండకూడదు. అంటే మగవాళ్లు మొదటి షిఫ్టు డ్యూటీలో ఉండగా, వంట అయిపోయి ఇల్లు సద్దుమణిగాక వెళ్లాలి. పుస్తకాల ప్రకారం ఇంతకంటే మంచి వేళ లేదు. అలాగే వెళ్లాను. మా పక్క క్వార్టర్‌లో ఉండే రాజవ్వ నాకు వరసకు చిన్నమ్మ. ఆమెను అడిగితే అన్నిటికీ ఒకటే జవాబు. నిద్ర పడుతుందా? "మంచిగ పడ్తది." దిగులుగా ఉంటుందా? "ఏం దిగులు బిడ్డా, ఏం లేదు." నవ్వుతూ చెప్పింది. నేనూ సంతోషంగా రాసుకున్నాను.

ఆ సాయంత్రం చిన్నాయన డ్యూటీ దిగి వచ్చి స్నానానికి పోయాడు. రాజవ్వ చేతులు తుడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

"పొద్దుగాల ఏదో అడిగినవ్ గద, ఇప్పుడు అడుగు" అంది.

"అన్నీ చెప్పినవ్ గద చిన్నమ్మా."

"ఏం చెప్పిన? మనిషి కింద ఉంటే భయమని నోట్లకెళ్లి ఎట్ల తీస్తరే? నీకు తెల్వదా?"

తెలుసు. నాన్న బాయి దిగి ఉన్నంతసేపు మా ఇంట్లో చెడ్డమాట రాకూడదు. పళ్లెం చేజారి పడ్డా అమ్మ, "ఏం కాలే, ఏం కాలే" అనేది. ఎవరైనా బాగున్నావా అంటే బాగున్నామనే చెప్పాలి, మరో జవాబు లేదు. సందేహం నోటివెంట వస్తే అది పోయి మనిషికి తగులుతుందని అందరి నమ్మకం. ఈ మాట ఎవరూ నేర్పలేదు, పాలతోపాటే వచ్చింది. అంత బాగా తెలిసినదే పరిశోధన అనేసరికి నాకు తట్టలేదు. రాజవ్వ ఆ సాయంత్రం చెప్పినవి వేరు. సైరన్ వేళకాని వేళ మోగితే కాళ్లు చల్లబడతాయట. చిన్నాయన చెప్పులు గుమ్మంలో కనబడేదాకా అన్నం గొంతు దిగదట. ఏళ్ల తరబడి అంతే. తర్వాత నేను మిగతా ఇళ్లకు కూడా మగవాళ్లు తిరిగొచ్చాక వెళ్లాను. దాదాపు ప్రతి ఇంట్లో జవాబులు తారుమారయ్యాయి.

అంటే మేడం వ్యాసం తప్పు. ఆమె అడిగిందీ మగవాళ్లు కింద ఉన్నప్పుడే.

గైడ్ సంతకం లేకుండా థీసిస్ గడప దాటదు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే. ఇన్నేళ్లు పెళ్లి మాట ఎత్తకుండా నాన్న ఊళ్లో అందరికీ జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. పైగా మేడం పేరును కొత్తగా పెట్టబోయే ఒక పరిశోధనా కేంద్రానికి డైరెక్టర్‌గా అనుకుంటున్నారు. నాకంటే ముందు చేరిన రహీమన్న మా డిపార్ట్‌మెంటులో నాకు పెద్దదిక్కు. అతనికి చెప్తే తల పట్టుకున్నాడు. "ఎందుకు లొల్లి? ధైర్యం గురించి నాలుగు ముక్కలు రాసి జల్దీ ఇచ్చెయ్. డిగ్రీ చేతికొచ్చినంక నీ ఇష్టం. కూసున్న కొమ్మను ఎవరన్న నరుక్కుంటరా?" అన్నాడు. అతను నా మంచికే చెప్పాడు. నాలుగు రోజులు ఆ సలహా ప్రకారమే నడుచుకుందామనుకున్నాను కూడా.

కాని ఆ నాలుగు రోజులూ ఒక్క వాక్యం రాయలేకపోయాను. చివరికి మేడం గదికి వెళ్లి నిలబడే చెప్పేశాను. ఆమె కూర్చోమనలేదు, కసరలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత ఒకటే అడిగింది. "మీ ఊరికి రైలు ఎప్పుడుంది?"

అలా ఆమె రామగుండంలో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని మా ఇంటికి వచ్చింది. అమ్మ బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగబెడుతోంది. మేడం దగ్గింది అప్పుడే. చిన్నాయన ఇల్లు చేరాక రాజవ్వ వచ్చింది. మేడం కాగితాలు తీయలేదు, ప్రశ్నలు అడగలేదు. రాజవ్వే ఆమెను ఎగాదిగా చూసి, "నిన్ను గుర్తువట్టిన మేడమ్. అప్పుడు సన్నగ ఉంటివి. నువ్వు వచ్చిన దినం గూడ మా ఆయన కిందనే ఉండె" అంది.

"మీరప్పుడు నవ్వారు" అంది మేడం.

"నవ్వకపోతే ఏం జేస్త? పాపం ఎండల పడి వచ్చినవ్. నీకు మంచి పేరొచ్చిందట గద, మా బిడ్డ చెప్పింది. మంచిగనే అయింది తియ్" అంది రాజవ్వ. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే సంతోషించింది. మేడం తలదించుకుంది. అప్పుడు రాజవ్వ మామూలుగా ఇంకో మాట చెప్పింది. ఒకప్పుడు కాలనీలో ఆడవాళ్లకు మనసు బాగులేకపోతే మాట్లాడడానికి ఒక మనిషిని పెడతామని ఎవరో వచ్చి చెప్పారట. తర్వాత, మీకు అవసరం లేదట, మీరు బాగా ధైర్యవంతులట, పుస్తకంలోనే రాసి ఉందట అని వెళ్లిపోయారట.

తిరుగు ప్రయాణానికి స్టేషన్‌లో కూర్చున్నప్పుడు మేడం, "నేను వాళ్లను పొగిడాననుకున్నాను. వాళ్లకు రావాల్సింది రాకుండా చేశాను" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ధైర్యం చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని చెప్పలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నది ఆమె దగ్గరే పనికొచ్చింది.

థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంటులో అందరి ముందూ సెమినార్ ఇవ్వాలి. నేను ఎంతో తెలివిగా, "గత అధ్యయనానికి కొనసాగింపుగా కొన్ని భిన్నమైన అంశాలు" అని రాసుకెళ్లి చూపించాను. మేడం పెన్ను తీసి కొట్టేసింది. "భిన్నమైన అంశాలేంటి, పెళ్లిచూపుల్లో వంక చెప్పినట్టు. ఏం జరిగిందో అది చెప్పు" అంది. సెమినార్‌లో ఆమెకు పడని ఒక సీనియర్ సార్ ఈ అవకాశం కోసమే పుట్టినట్టు ముందుకు వంగి, "అంటే మీ గైడ్ గారిది తప్పని మీ ఉద్దేశమా?" అని అడిగాడు. మేడం వైపు చూశాను. ఆమె కాపాడుతుందనుకున్నాను. ఆమె కదలకుండా కూర్చుని, అందరిలాగే నా జవాబు కోసం ఎదురుచూసింది.

"అవును సార్, తప్పే" అన్నాను.

అప్పుడు మేడం లేచింది. "అమ్మాయి చెప్పింది నిజం. మనుషులు మాట్లాడలేని వేళలో అడిగి, వాళ్లకు చెప్పడానికేమీ లేదని రాశాను. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాసేశాను" అని కూర్చుంది.

డైరెక్టర్ పదవి ఆమెకు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. "బాధగా లేదా మేడం?" అని ఒకసారి అడిగితే, "ఎందుకుండదు? ఉంది. నేనేం ఋషినా?" అని టీ తాగింది. రిటైరయ్యాక ప్రతి వారం రైలెక్కి గోదావరిఖని వచ్చేది. ఆడవాళ్లు వచ్చి మనసులో మాట చెప్పుకోవడానికి కాలనీలో ఒక చిన్న గది అడిగి తీసుకున్నాం. మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరాకే దాని తలుపు తీసేవాళ్లం. మొదట్లో రాజవ్వ తప్ప ఎవరూ రాలేదు. తర్వాత రాజవ్వ వెంట ఒకరు, ఆ ఒకరి వెంట ఇంకొకరు వచ్చారు. నేను ఇక్కడి కాలేజీలోనే ఉద్యోగం చూసుకున్నాను.

పోయినేడు మేడంకు గుండె ఆపరేషన్ అన్నారు. హైదరాబాద్ దవాఖానకు పరిగెత్తాను. స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంది. వాచీ తీసేసిన చేయి ఎవరిదోలా ఉంది. ఇన్నేళ్ల చదువు, ఇన్నేళ్ల ఉద్యోగం, నా నోట వచ్చింది మాత్రం, "భయంగా ఉందా మేడం?"

ఆమె నా వైపు చూసి నవ్వింది. "ఏం లేదమ్మా, బాగున్నాను" అంది. ఆ వెంటనే మా రాజవ్వ యాసలో, "మనిషి పైకొచ్చినంక అడుగు" అంది.

ఆపరేషన్ గదిలోంచి ఆమె తిరిగి రాలేదు. నేను బయట బెంచీ మీద కూర్చుని, ఆమె వచ్చాక అడగాల్సిన మాటను నోట్లోనే పెట్టుకుని ఉన్నాను.

గది ఇప్పటికీ నడుస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది బాగున్నామనే చెప్తారు. సరేనంటాను, మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడుగుతాను. వాళ్లు చెప్పిన వేళకు వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్తాను.