బీటవేసిన కుండ

యవ్దోఖ ఏటా పెరట్లో గ్రెచ్క గింజలు చల్లేది. ఆ తెల్లటి పూలమీద తేనెటీగలు ముసిరేవి. మూడు మూలల నల్ల గింజలు దులిపి, దంచి, దోరగా వేయించి సంకటి వండి వీధి పిల్లలకు పెట్టేది. తను మాత్రం మెతుకు ముట్టేది కాదు. ఎందుకని అడిగితే తిట్టిపోసేది.

ఎన్నో ఏళ్ల కిందట యుద్ధం ఆమె మొగుణ్ణి మింగింది. మరుసటి ఏడు వానల్లేక పెరడు మాడింది. ఒక్క కుండకు సరిపడా గింజలు దక్కితే, కొత్త సంవత్సరం సంకటికని గుడ్డలో కట్టి దాచింది. కూతురు ఓరీస్య ఆకలికి కాళ్లు వాచి పొయ్యి అరుగుమీదే పడి ఉండేది.

ఆ పండగ సంకటికో కట్టుబాటుంది. పొయ్యిలోంచి తీసేటప్పుడు కుండ పగిలి కనబడితే ఇంట్లో చావు తప్పదంటారు. ఎవరూ ముట్టకుండా కుండతో సహా ఏట్లో పారేయాలి.

ఆ తెల్లవారుజామున కుండ తీస్తే నిలువునా బీట.

"పారేయ్!" అంది అత్త పరాస్క.

"చిన్న బీటే కదత్తా. పిల్ల ఎలా ఉందో చూడు."

"చూసే చెబుతున్నానే, మొద్దు మొహమా! చావు వస్తే ఈ ఇంట్లో ఎవరికోసం వస్తుంది?"

యవ్దోఖ పొయ్యి అరుగువైపు చూసింది. కూతురు బతకాలనే, వేడి కుండ శాలువాలో చుట్టి ఏటికి పరుగెత్తింది. నీళ్లకోసం మంచులో కొట్టిన బొక్కలో వదిలేసింది. పిచ్చితల్లి!

తిరిగొచ్చాక ఓరీస్య ఆమె చేతులు వాసన చూసింది. "అమ్మా, అడుగంటిందైనా లేదా?" అంటూ శాలువా అంచు చప్పరించింది.

మంచు కరగకముందే పిల్ల పోయింది.

"పారేశాం గనక నువ్వైనా మిగిలావే," అంది అత్త. అది ఓదార్పనుకుంది కాబోలు, ముసలిది!

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక కొత్త సంవత్సరాన యవ్దోఖ కుండ మళ్లీ బీటవేసింది. సంకటికని పిల్లలంతా వచ్చి కూర్చున్నారు.

"అయ్యో పిన్నీ, ఏట్లో పడెయ్!" అంది పక్కింటి హాప్క.

"నోర్ముయ్. గిన్నెలందుకో."

అందరికీ పెట్టింది. పిల్లలు గిన్నెలు నాకి, మళ్లీ పెట్టమని గోల చేశారు. అడుగంటింది గీకి, ఇన్నేళ్లలో మొదటిసారి తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. కమ్మగా ఉంది. అంతే, కుండను ఒళ్లోకి తీసుకుని భోరుమంది.

"ఇందులో ఏముందే హాప్కా? తిండేనే! నా బిడ్డ తిండిని నేనే ఏట్లో పారేశానే!"