దోసెడు జొన్నలు

మేం తిరుమలగిరిలో ఉంటాం. రిటైరయ్యాక నేను రోజూ పొద్దున్నే మేడ మీద పావురాలకు జొన్నలు చల్లేవాణ్ణి. అవి తిని ఎగిరిపోయాక నా భార్య పద్మ ఈకలూ రెట్టలూ ఊడ్చేది.

గత ఏడాది పద్మకు పొడిదగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ "ఇంట్ల పిట్టల్ని గిట్ల పెంచుతున్నరా?" అని అడిగితే ఇద్దరం లేదన్నాం. పావురాలు మేం పెంచినవి కావు కదా! పైగా ఆమె దగ్గు తగ్గాలని మొక్కుకుని, గుప్పెడు జొన్నలు వేసేవాణ్ణి దోసెడు వేయడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం పద్మ చీపురుతోనే మేడ మెట్ల మీద కూలబడింది. ఊపిరి అందక పెదవులు నీలంగా మారాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఆక్సిజన్ పెట్టాక డాక్టరమ్మ ఆమె జడలోంచి బూడిదరంగు ఈక ఒకటి తీసి నాకు చూపించింది.

"ఇదేందంకుల్? పిట్టల్లేవన్నరు?"

జొన్నల సంగతి చెప్పాను, మొక్కు సంగతి కూడా. ఆ ఈకల నూగు, రెట్టల దుమ్మే పద్మకు పడడం లేదని ఆవిడ వివరించింది.

మందులు వాడుతూ, మేడ ఎక్కడం మానేశాక పద్మ కోలుకుంది. ఇప్పుడు జొన్నల్లేవు. మాస్కు కట్టుకుని, మేడ తడిపి నేనే ఊడుస్తున్నాను. పావురాలు మాత్రం ఇంకా పిట్టగోడ మీద వాలుతున్నాయి.

"పాపం, నా కోసమే చూస్తున్నాయి" అన్నాను మొన్న.

"ఇన్ని దినాలు పుణ్యం మీరు చేసిన్రు, ఊడ్సింది నేను" అంది పద్మ.

నిజమే. ఒక్కరోజు ఆ చీపురు నేను పట్టి ఉంటే, డాక్టరమ్మ అడిగిన నాడే నాకు జవాబు తెలిసేది.