రెండుకుట్ల అత్త వేసిన ముసుగు

ఏ పనినీ ఒక్క కుట్టుతో వదిలే మనిషి కాదావిడ. అందుకే బూట్ల వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ రెండుకుట్ల అత్తే. యుద్ధం రోజుల్లో ఆ వీధి మగవాళ్లు బూట్లు బాగుచేయడానికి సైన్యం వెంట వెళ్లారు. ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని సైనికులకు కొత్త బూట్లు కుట్టి పంపారు. వెళ్లినవాళ్లలో తిరిగిరానివాళ్లు చాలామందే. అత్త తమ్ముడైతే ఏమయ్యాడో, ఎక్కడ పడిపోయాడో కబురైనా లేదు.

ఇన్నేళ్లకు వాళ్లందరి పేర్లూ చెక్కి వీధి మొదట్లో ఒక రాయి నిలబెట్టారు. ముసుగు తీసే గౌరవం అత్తకే ఇచ్చారు. ఇక చూడాలి ఆవిడ హడావిడి! చదువు రాదు, చూపా మసకబారింది. అయినా తమ్ముడి పేరు తన వేళ్లతో తానే వెతికి పట్టుకుంటానని పంతం పట్టింది. మనవరాలు ఆ అక్షరాలు ఆవిడ అరచేతిలో రాసి రాసి నేర్పింది. ముసుగు గుడ్డ కూడా ఇంకొకరిని ముట్టనివ్వకుండా తానే రాయికి తొడిగి కుట్టింది.

ఆ ఉదయం జనం విరగబడ్డారు. బాకా మోగింది. అత్త తాడు లాగింది. ముసుగు కదల్లేదు. మళ్లీ లాగింది. వీధి సంఘం పెద్ద ఓ చెయ్యి వేశాడు, ఆయన వెనక ఇంకో నలుగురు వేశారు. తాడు పుటుక్కున తెగి అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు గానీ గుడ్డ మాత్రం ఇసుమంతైనా జారలేదు.

"అత్తా, దీనికీ రెండు కుట్లు వేశావా?" అన్నాడు సంఘం పెద్ద, నడుం పట్టుకుని లేస్తూ.

అత్త నాలుక కరుచుకుంది. "చేతి అలవాటురా! అయినా ఊడేలా కుట్టడం నాకెవరు నేర్పారు?"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఎవరో కత్తెర తెచ్చారు. "ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా!" అని కసిరి, కొత్త బట్టల్లోనూ నడుముకు దోపుకొచ్చిన తోలు కోసే కత్తి తీసింది అత్త. పటపటా కుట్లు తెంపింది. గుడ్డ జారి కాళ్ల దగ్గర కుప్పపడింది.

చప్పట్లు ఆవిడకు వినపడనే లేదు. వేళ్లు రాయి మీద పరుగెత్తాయి. ఇది కాదు, ఇదీ కాదు. మనవరాలు చూపించబోతే "నువ్వు చెప్పకే!" అని గదమాయించింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఆ తమ్ముణ్ని పట్టుకోవడం ఆవిడ వల్ల ఒక్కసారీ కాలేదు. అడుగు వరుసలో వేళ్లు ఆగిపోయాయి. నమ్మకం కుదరక మొదటి అక్షరం నుంచి మళ్లీ తడిమింది.

రెండు చేతులా రాయిని వాటేసుకుని వీధి అదిరిపోయేలా అరిచింది. "దొరికావురా దొంగా! ఇంకెక్కడికి పోతావు?"